మాటిమాటికీ తిరగబెట్టే ఈస్ట్ ఇన్ఫెక్షన్: పెరుగు, అంబలి, ప్రోబయాటిక్ మాత్రలతో అదుపులో ఉంటుందా?

ప్రశ్న: చీపురుపల్లి ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయిని

నమస్కారం. ఈ విషయం నలుగురిలో అడగడానికి మొహమాటపడి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నా వయసు నలభై దాటింది. ఏడాది కాలంగా ఈస్ట్ ఇన్ఫెక్షన్ నన్ను విడిచిపెట్టడం లేదు. విరిగిన పాలలా గడ్డలుగా తెల్లబట్ట, తరగతిలో కుదురుగా నిలబడనివ్వని దురద, మూత్రానికి వెళ్ళినప్పుడు మంట. మందుల దుకాణంలో చెబితే ఒక మాత్ర, ఒక ఆయింట్‌మెంట్ ఇస్తారు. వాడితే కొద్ది రోజుల్లో తగ్గుతుంది, కొన్ని వారాలు గడిచేసరికి మళ్ళీ మొదలవుతుంది. నాకు మధుమేహం ఉంది. ఏడాది కిందట పాత మాత్రకు తోడు మరొకటి కలిపారు. అప్పటి నుంచి షుగర్ అదుపులోనే ఉందని మా వైద్యుడు అంటున్నారు.

మందులతో విసిగిపోయి ఆహారంతో సరిచేసుకుందామని వెదికితే అయోమయం ఎక్కువైంది. బియ్యం, బెల్లం, పళ్ళు, ఇడ్లీ, దోసె, రొట్టె అన్నీ మానేయాలనీ, పులిసిన పదార్థం ఏదైనా ఫంగస్‌ను పెంచుతుందనీ కొందరు రాస్తున్నారు. పులిసినవే తినాలి, వాటిలో మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయని మరికొందరు రాస్తున్నారు. మా ఇంట్లో పొద్దున చోడి (రాగి) అంబలి, వేసవిలో తరవాణి (పులియబెట్టిన గంజి) తరతరాలుగా ఉన్న అలవాట్లు. వాటిని మానాలా, ఉంచుకోవాలా? పెరుగు రోజుకు ఎంత తినాలి? మేలు చేసే సూక్ష్మజీవులుండే ప్రోబయాటిక్ మాత్రలు నెలల తరబడి కొనుక్కోవడం వల్ల ప్రయోజనం ఉంటుందా? మా అత్తగారు వేపాకు మరిగించిన నీళ్ళతో లోపల కడుక్కోమని, పెరుగు పూసుకోమని చెబుతున్నారు. ఆవిడ మాట తీసిపారేయలేను, పాటించడానికి ధైర్యమూ చాలడం లేదు.

సమాధానం: రాజాం నుంచి ఒక గృహిణి

చెల్లెమ్మా, మొహమాటపడవలసిన విషయం కాదిది. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఈ ఇన్ఫెక్షన్ వస్తుందని వైద్యులే చెబుతారు. నాకు తెలిసినంతలో తీపి తగ్గించి, మజ్జిగ ఎక్కువగా తాగి, నైలాను లోదుస్తులు మాని నూలువి కట్టుకుంటే చాలా వరకు ఉపశమనం కలుగుతుంది. తడి బట్టలతో ఎక్కువసేపు ఉండకూడదు. ఊడ్పుల కాలంలో నడుము దాకా తడిసి సాయంత్రం వరకు మడిలోనే ఉండే ఆడవాళ్ళకు ఈ బాధ ఎంతగా ఉంటుందో మా పల్లెలో చూశాను. తరవాణి మానవద్దు, ఒంటికి చలువ. మీ అత్తగారి మాటకు మాత్రం ఎవరైనా వైద్యురాలు జవాబిస్తే బాగుంటుంది.

సమాధానం: శ్రీకాకుళం నుంచి ఒక స్త్రీ వైద్య నిపుణురాలు

మేడమ్ గారూ, మీరు ఆహారం గురించి అడిగారు. అయితే దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రతిసారీ మీకు వచ్చినది ఈస్ట్ ఇన్ఫెక్షనేనా? అమెరికాలో మందుల దుకాణానికి వెళ్ళి తమంతట తాము ఫంగస్ మందు కొనుక్కున్న స్త్రీలను పరీక్షించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో నిజంగా ఈ ఇన్ఫెక్షన్ తెచ్చే క్యాండిడా అనే ఈస్ట్ ఒక్కటే ఉన్నవారు మూడింట ఒక వంతు మాత్రమే. మిగిలినవారిలో కొందరికి బాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలోని బాక్టీరియా సమతుల్యం చెడడం), కొందరికి ట్రైకోమోనాస్ (లైంగికంగా సోకే పరాన్నజీవి), కొందరికి రెండు మూడు కలిసి, మరికొందరికి ఏ ఇన్ఫెక్షనూ లేదు. బాక్టీరియల్ వజైనోసిస్‌లో తెల్లబట్ట పలుచగా, బూడిద రంగులో, చేపల వాసనతో ఉంటుంది. ట్రైకోమోనాస్‌లో పసుపు లేదా ఆకుపచ్చ రంగులో నురుగుగా రావచ్చు. మీ వర్ణన ఈస్ట్‌కే దగ్గరగా ఉంది, కానీ వర్ణనను నమ్మి ఏడాది పాటు మందు వాడడం సరికాదు.

ఏడాదిలో మూడుసార్లు లేదా అంతకు మించి వస్తే దాన్ని పదేపదే తిరగబెట్టే ఇన్ఫెక్షన్‌గా లెక్కిస్తాము. అటువంటప్పుడు స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద చూడడం ఒక్కటే చాలదు. నిజంగా ఈస్ట్ ఉన్నవారిలో సుమారు సగం మందికి ఆ పరీక్షలో అది కనబడకపోవచ్చు. అందువల్ల కల్చర్, అంటే స్రావంలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించాలి. శ్రీకాకుళంలో మనవాళ్ళు ఇప్పటికీ రిమ్స్ అని పిలుచుకునే ప్రభుత్వ వైద్య కళాశాలలో గానీ, విజయనగరం వైద్య కళాశాలలో గానీ మైక్రోబయాలజీ విభాగాలు ఉన్నాయి, అడిగి చూడండి. కల్చర్ వల్ల తెలిసేది ఫంగస్ ఉందా లేదా అన్నదే కాదు, ఏ రకం ఫంగస్ అన్నది కూడా. ఎక్కువమందిలో ఉండేది క్యాండిడా ఆల్బికాన్స్, అది ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మాత్రకు సాధారణంగా లొంగుతుంది. మధుమేహం ఉన్నవారిలో క్యాండిడా గ్లాబ్రాటా కూడా తరచుగా కనబడుతుంది, దానిపై ఈ మందు సరిగా పనిచేయదు. క్యాండిడా క్రూసైకి పుట్టుకతోనే ఈ మందును తట్టుకునే శక్తి ఉంది. రకం తెలియకుండా అదే మాత్ర మళ్ళీ మళ్ళీ మింగితే ఫలితం ఎలా వస్తుంది?

ఆల్బికాన్స్ అని తేలితే చికిత్స ఒక్క మాత్రతో ముగియదు. ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు మొదటి రోజు, నాలుగో రోజు, ఏడో రోజు ఇచ్చి, ఆ తరువాత వారానికి ఒకటి చొప్పున 6 నెలలు కొనసాగిస్తాము. 2004లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో ఈ పద్ధతి పాటించినవారిలో 6 నెలలు పూర్తయ్యేసరికి 90.8 శాతం మందికి మళ్ళీ రాలేదు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 35.9 శాతమే. మందు ఆపిన 6 నెలల తరువాత చూస్తే మాత్రం ఆ 90.8 కాస్తా 42.9కి పడిపోయింది. మందు వాడుతున్నంత కాలం అణిగి ఉంటుంది, ఆపాక సగానికి పైగా మందిలో తిరగబెడుతుంది. దానికి దోహదం చేస్తున్న కారణాన్ని ఈలోగా పట్టుకోవాలి. గర్భిణులకు ఈ మాత్ర ఇవ్వము, వారికి లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ వంటి మందే వారం పాటు వాడతాము.

మీరు రాసుకుంటున్న ఆయింట్‌మెంట్ ట్యూబు మీద క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ పేరు ఉందేమో చూడండి. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ఇటువంటి ట్యూబులు మన దేశంలో విచ్చలవిడిగా దొరుకుతున్నాయి. స్టెరాయిడ్ వల్ల దురద వెంటనే తగ్గి రోగం నయమైందన్న భ్రమ కలుగుతుంది, లోపల ఫంగస్ అలాగే ఉంటుంది, ఆ సున్నితమైన చర్మం పలుచబడిపోతుంది.

మీ అత్తగారి మాటకు వస్తే, వేప నీళ్ళయినా, డెట్టాల్ కలిపిన నీళ్ళయినా, మరే ద్రవమైనా లోపలికి పంపి కడగడం మంచిది కాదు. అక్కడ రక్షణగా ఉండే బాక్టీరియా కొట్టుకుపోతుంది, పొర ఒరుసుకుపోతుంది. వెలుపల మామూలు నీళ్ళతో కడుక్కుంటే సరిపోతుంది. పెరుగు, వెల్లుల్లి వంటివి లోపల పెట్టవద్దు. గ్లాబ్రాటాకు మేము కొన్నిసార్లు 600 మిల్లీగ్రాముల బోరిక్ ఆసిడ్ గుళికలను రోజుకొకటి చొప్పున రెండు వారాలు లోపల పెట్టుకోమని రాస్తాము. అది నోట్లోకి వెళితే విషం, గర్భంతో ఉన్నవారు అసలు వాడరాదు. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి కూడా బోరిక్ పౌడరే కదా అని దాన్ని వాడబోయినవారి గురించి విన్నాను కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: అది ఔషధ ప్రమాణాలతో తయారైనది కాదు.

చివరగా ఒకటి అడుగుతాను. ఏడాది కిందట కలిపిన షుగర్ మాత్ర పేరేమిటి?

సమాధానం: విజయనగరం నుంచి ఒక ఆహార శాస్త్ర అధ్యాపకురాలు

డాక్టరు గారు చికిత్స గురించి వివరంగా చెప్పారు కనుక నేను తిండి సంగతికే పరిమితమవుతాను.

పెరుగు మీద నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 1992లో అమెరికాలో పదేపదే ఈ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలకు లాక్టోబాసిల్లస్ ఆసిడోఫిలస్ అనే మేలు చేసే బాక్టీరియా కలిపిన పెరుగును రోజుకు సుమారు 225 గ్రాముల చొప్పున 6 నెలలు తినిపించి, తినని 6 నెలలతో పోల్చారు. పెరుగు తిన్న కాలంలో ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి. పెరుగును వెనకేసుకొచ్చేవారందరూ ఈ అధ్యయనాన్నే చూపుతారు. కానీ అందులో చేరినవారు 33 మంది, నియమం ప్రకారం చివరిదాకా నిలిచినవారు 13 మంది. పెరుగు తిని గుణం కనబడ్డ కొందరు, మానవలసిన వంతు వచ్చినప్పుడు మానడానికి ఒప్పుకోలేదు. వారి పక్షాన చూస్తే అది సబబే గానీ లెక్క మాత్రం చెడిపోయింది. 2004లో ఆస్ట్రేలియాలో యాంటీబయాటిక్ వాడుతున్న స్త్రీలకు లాక్టోబాసిల్లస్‌ను నోటి ద్వారానూ, లోపల పెట్టుకునే రూపంలోనూ ఇచ్చి చూసినప్పుడు ఇన్ఫెక్షన్ రాకుండా అది ఆపలేకపోయింది. 2017లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థవారు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి సమీక్షించారు. ఫంగస్ మందుకు ప్రోబయాటిక్ తోడైతే తక్షణ ఫలితం కొంత మెరుగుపడవచ్చని, అయితే ఆ ఆధారం నాణ్యత తక్కువని తేల్చారు.

ఇందుకు ఒక కారణం కూడా ఊహించవచ్చు. బాక్టీరియల్ వజైనోసిస్‌లో యోనిలో ఉండవలసిన లాక్టోబాసిల్లస్‌లు తరిగిపోతాయి, ఆమ్లత తగ్గిపోతుంది. ఈస్ట్ ఇన్ఫెక్షన్‌లో చాలామందికి అవి ఉంటూనే ఉంటాయి, ఆమ్లతా మామూలుగానే ఉంటుంది. లేనిదాన్ని భర్తీ చేయడం ఒకటి, ఉన్నచోటికే మరికొన్నింటిని పంపడం మరొకటి. పైగా మన ఇంటి పెరుగును తోడుపెట్టే బాక్టీరియా వేరు, యోనిలో నివసించే లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ వంటివి వేరు. పెరుగు తిన్నంత మాత్రాన అవి అక్కడికి చేరి కాపురం పెట్టవు. అయినా పెరుగు మానమని నేను అనను. మాంసకృత్తులు, కాల్షియం ఉన్న మంచి ఆహారం, చక్కెర కలపకుండా రోజుకు ఒకటి రెండు కప్పులు తినండి. దాన్ని చికిత్సగా భావించి మందు మానేయవద్దన్నదే నా మనవి.

ప్రోబయాటిక్ మాత్రల విషయానికి వస్తే, అన్నీ ఒకటి కావు. విరేచనాలకు ఇచ్చే బాసిల్లస్ క్లాసీ, సాక్రోమైసెస్ బౌలార్డీ పొట్లాలు ఇందుకు పనికివస్తాయనడానికి తగిన ఆధారం లేదు. పూర్వం ‘లాక్టోబాసిల్లస్ స్పోరోజీన్స్’ అనే పేరుతో అమ్మినది నిజానికి బాసిల్లస్ కోయాగులన్స్, లాక్టోబాసిల్లస్ కానే కాదు. స్త్రీల ఆరోగ్యానికని ఎక్కువగా పరీక్షించినవి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీఆర్-1, లాక్టోబాసిల్లస్ ర్యూటరీ ఆర్‌సీ-14 అనే రెండు రకాలు. వాడదలచుకుంటే డబ్బా మీద ఈ రకం సంఖ్యలు కూడా ఉన్నాయో లేదో చూసి, ఫంగస్ మందుకు తోడుగా కొద్ది నెలలు వాడి, తేడా కనబడకపోతే ఆపేయండి. ఆ డబ్బుతో కల్చర్ చేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

పులిసినవి మానాలన్న మాట నిలవదు. రొట్టెను పొంగించే ఈస్ట్ సాక్రోమైసెస్ జాతికి చెందినది, ఇన్ఫెక్షన్ తెచ్చే క్యాండిడా వేరు. ఇడ్లీ పిండిని ప్రధానంగా పులియబెట్టేది ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా, అదీ ఆవిరికి చచ్చిపోతుంది. కనుక ఇడ్లీ ఫంగస్‌ను పెంచదు, ప్రోబయాటిక్‌గానూ పనిచేయదు. అంబలి సంగతీ అంతే. చోడి పిండిని రాత్రి పులియబెట్టినా పొద్దున నూకతో కలిపి ఉడికించినప్పుడు ఆ సూక్ష్మజీవులు మిగలవు. చల్లారాక కలిపే మజ్జిగలోనివే బతికి ఉంటాయి. తరవాణిని పులిశాక ఉడికించము కాబట్టి అందులో జీవమున్న బాక్టీరియా నిస్సందేహంగా ఉంటుంది, అయితే కుండ శుభ్రత, నీటి శుభ్రత మీద అంతా ఆధారపడి ఉంటుంది.

మధుమేహం ఉన్న మీకు అసలు ప్రశ్న పులుపు గురించి కాదు, పరిమాణం గురించి. చోళ్ళు షుగర్‌కు మంచివన్న పేరు నిజమే గానీ, పిండి చేసి జావగా కాచినప్పుడు అవి త్వరగా జీర్ణమై షుగర్‌ను త్వరగానే పెంచుతాయి. పెద్ద చెంబుడు అంబలి, అందులో బెల్లం ముక్క అయితే ఇక చెప్పనక్కరలేదు. బెల్లం లేకుండా ఒక గ్లాసు, మజ్జిగ, ఉల్లిపాయలతో, పక్కన ఉడికించిన గుడ్డో పెసల గుగ్గిళ్ళో ఉంచుకుని తాగండి. తాగిన రెండు గంటలకు వేలి మీద చుక్క రక్తంతో షుగర్ చూసుకుంటే, ఎంత తాగవచ్చో మీ ఒంటికి తగినట్టు మీకే తెలుస్తుంది. మధుమేహం లేని స్త్రీలలో తీపి మానితే ఈ ఇన్ఫెక్షన్ ఆగిపోతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. మధుమేహం ఉన్నవారిలో రక్తంలోని షుగర్‌కూ ఈ ఇన్ఫెక్షన్‌కూ ఉన్న సంబంధం మాత్రం స్పష్టం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అట్ట తీసి చూశాను. పాతది గ్లిమెపిరైడ్, కొత్తగా కలిపినది డపాగ్లిఫ్లోజిన్. ఆయింట్‌మెంట్ మీద క్లోబెటసాల్ అని ఉంది, దాన్ని ఆపేస్తున్నాను. ఇంటర్నెట్‌లో చదివి అన్నం, అంబలి పూర్తిగా మానేసి కేవలం కూరలు, గుడ్లు, పెరుగుతో ఉండాలని నిన్ననే నిశ్చయించుకున్నాను. అది కొనసాగించవచ్చా?

సమాధానం: బొబ్బిలి నుంచి ఒక ఫార్మసిస్టు

అమ్మా, దయచేసి ఆ నిర్ణయాన్ని ఇప్పుడే ఆపండి, కారణం చెబుతాను. మామూలుగా రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే గానీ మూత్రంలోకి రాదు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు మూత్రపిండాలు షుగర్‌ను తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుని, రక్తంలో షుగర్ అదుపులో ఉన్నప్పుడు కూడా దాన్ని మూత్రంలోకి వదిలేస్తాయి. ఆ తీపి మూత్రం తగిలేచోట ఈస్ట్ పెరుగుతుంది. స్త్రీలలో జననాంగాల ఫంగస్ ఇన్ఫెక్షన్ ఈ మందులకు బాగా తెలిసిన దుష్ఫలితం, మందు కాగితంలోనే రాసి ఉంటుంది. మన దేశంలో డపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంటు 2020లో ముగిశాక చాలా కంపెనీలు దాన్ని తయారుచేస్తున్నాయి, ధర తగ్గి పల్లెల దాకా చేరింది. మీ ఇబ్బంది మొదలైన కాలమూ, ఈ మాత్ర కలిపిన కాలమూ ఒకటే అంటున్నారు కదా.

ఇక ఆహారం మాట. ఈ మందు వాడుతూ పిండి పదార్థాలు ఒక్కసారిగా మానేస్తే, లేదా కార్తీక సోమవారాల వంటి కటిక ఉపవాసాలు చేస్తే, రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుని కీటోఅసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితి రావచ్చు. షుగర్ 200 లోపే ఉన్నా రావచ్చు, అందువల్ల గుర్తించడం ఆలస్యమవుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం కనబడితే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అధ్యాపకురాలు చెప్పినట్టు ఒక గ్లాసు అంబలి, కొలతగా అన్నం మీకు మందే అనుకోండి.

అలాగని ఈ మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. గుండెకూ, మూత్రపిండాలకూ మేలు చేస్తుందని కొందరికి ప్రత్యేకంగా రాస్తారు. మీకు ఏ కారణంతో రాశారో అడిగి, ఇన్ఫెక్షన్ తిరగబెడుతున్నదని చెప్పి, కొనసాగించాలా మార్చాలా అన్నది ఆ వైద్యుడితోనే తేల్చుకోండి.

మరొకటి ముఖ్యమైనది. ఫ్లూకోనజోల్ కాలేయంలో గ్లిమెపిరైడ్ విచ్ఛిన్నం కాకుండా అడ్డుకుంటుంది. ఫలితంగా గ్లిమెపిరైడ్ ప్రభావం పెరిగి షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. మాత్ర వేసుకున్న రోజుల్లో చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం ఉంటే షుగర్ చూసుకోండి, చూసుకునే వీలు లేకపోతే ముందు చక్కెర నీళ్ళు తాగండి. వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు, కొన్ని కొలెస్ట్రాల్ మందులు వాడేవారికి కూడా ఫ్లూకోనజోల్‌తో చిక్కులున్నాయి. ఇన్ని సంగతులు విచారించకుండా మాత్ర చేతిలో పెట్టడం మా వృత్తిలో అలవాటైపోయిందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

సమాధానం: కవిటి మండలం నుంచి ఒక పాఠకురాలు

మాది ఉద్దానం కనుక ఒక మాట జోడిస్తాను. మా వైపు కిడ్నీ జబ్బు ఇంటింటి సమస్య. మా అమ్మకు ఇదే ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు వైద్యురాలు ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసి, ఫ్లూకోనజోల్ చాలావరకు మూత్రం ద్వారానే బయటికి పోతుంది కాబట్టి పదేపదే వాడేటప్పుడు మోతాదు తగ్గించాలని చెప్పారు. నెలల తరబడి మాత్ర మొదలుపెట్టే ముందు మీరు కూడా ఆ పరీక్ష చేయించుకోండి.

సమాధానం: శ్రీకాకుళం స్త్రీ వైద్య నిపుణురాలు

నేను అనుమానించిన మాత్ర పేరే మీరు చెప్పారు. ఫార్మసిస్టు గారు, కవిటి సోదరి చెప్పినవి రెండూ సరైనవే. మీరు చేయవలసిన పని ఈ వరుసలో పెట్టుకోండి. ఈసారి దురద మొదలవగానే, ఏ మాత్రా ఏ ఆయింట్‌మెంటూ వాడక ముందే, స్రావం పరీక్షకు, కల్చర్‌కు ఇవ్వండి. మందు పడ్డాక ఇస్తే ఫంగస్ కనబడకపోవచ్చు. అదే రోజు క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగర్ సగటు తెలిపే పరీక్ష) చేయించండి. ఆ కాగితాలతో మీ షుగర్ వైద్యుడిని కలిసి డపాగ్లిఫ్లోజిన్ విషయం మాట్లాడి, ఆ తరువాత స్త్రీ వైద్యురాలి దగ్గరకు వెళ్ళండి. ఈలోగా మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళతో కడుక్కుని, మెత్తని నూలు గుడ్డతో తడి లేకుండా అద్దుకోండి. ఈ మందు వాడేవారికి ఇది చిన్న విషయం కాదు.

చాలామంది అడగడానికి వెనకాడే ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబిస్తాను. ఈస్ట్ ఇన్ఫెక్షన్‌కు భర్తకు కూడా తప్పనిసరిగా మందు ఇవ్వనక్కరలేదు. ఆయనకు దురద, ఎరుపు, పూత వంటివి ఉంటేనే చూపించాలి. ట్రైకోమోనాస్ అని తేలితే మాత్రం ఇద్దరూ వాడాలి. పరీక్ష చేయకుండా మందు రాయకూడదని నేను పట్టుబట్టడానికి అది కూడా ఒక కారణం.